ఏమీ దొరకలేదు

నా ఉద్యోగం చిన్నది.
ఈ దీవిలోంచి ఒక్క పామైనా
విమానమెక్కి వెళ్ళిపోకుండా చూడటం.

నాకొక తాడు, ఒక టార్చి, ఒక కుక్క.
కుక్క పేరు పీకా. మా చమోరు మాటలో కారం అని.
తెల్లది. ఒక చెవి మీద మాత్రం కాఫీ ఒలికినట్టు మచ్చ.
వాసన తగిలితే మొరగదు,
కూర్చుంటుంది. అంతే.
అది కూర్చుంటే నేను చెయ్యెత్తాలి,
నేను చెయ్యెత్తితే విమానం ఆగాలి.
గవర్నరు ఆపలేనిదాన్ని
ఆరు కిలోల కుక్క ఆపుతుందని
బేస్ వంటగదిలో పనిచేసే మా తమ్ముడు ఇగ్నాసియో నవ్వుతాడు.

పాములు మావి కావు.
పెద్ద యుద్ధం ముగిశాక సామాను పెట్టెల్లో
చుట్టలు చుట్టుకుని దిగాయంటారు.
మేం పిలవలేదు. చాలావాటిని పిలవలేదు.
మా నానా బిహాకి తెల్లారటమంటే
ఏ పిట్ట ముందు, ఏ పిట్ట తర్వాత అని ఒక వరస.
తొతొత్, ఎగిగి, సిహెక్...
వేళ్ళు మడిచి చెప్పేది.
నేను పిట్టల్ని ఆమె వేళ్ళలోనే చూశాను.
ఇప్పుడు అడవిలోకి వెళ్తే మొహం నిండా సాలెగూళ్ళు,
చప్పుడు లేని పచ్చదనం.

మొన్న మంగళవారం బాంబర్లు వచ్చాయి.
మూడు. ఒక్కోదానికి ఎనిమిది ఇంజన్లు.
రెక్కలెంత బరువంటే, నేల మీద
కొసలకి చిన్న చక్రాలు కావాలి,
ముసలాయన చేతికర్రల్లా.
వయసులో మా అమ్మ ఈడువి.
"కొన్నాళ్ళే, వంతులవారీగా" అన్నారు పేపర్లో.
ఇవి వెళ్తే ఇంకో మూడు.
ఇల్లు ఖాళీ అవదు, అద్దెకున్నవాడే మారతాడు.

రన్‌వే ఉత్తరపు కొసన
మావాళ్ళ సీమపనస చెట్లు ఉండేవి.
నవంబరు రెండున పాసు రాయించుకుని
ముత్తాత సమాధికి కొవ్వొత్తి తీసుకెళ్తాం.
అగ్గిపెట్టె గేటు దగ్గర లాగేసుకుంటారు.
వెలిగించకుండానే పెట్టి వస్తాం.

సిబ్బందిలో ఒక కుర్రాడు, టకర్.
మంచు ప్రాంతం వాడు, మెడ వెనక ఎండకి కమిలిపోయి
గొంతుక్కూర్చుని పీకాని నిమిరాడు.
"అంత దూరం ఎగిరితే పాములు చచ్చిపోవా, మేడమ్?"
చావవు. తిండి లేకుండా నెలలు బతుకుతాయి.
చక్రాల గదిలో, చీకట్లో,
దిగేదాకా ఓపిక పడతాయి.
మరి మీరెక్కడికి, అని నేనడగలేదు.
అడిగినా తెలియదు. తెలిసినా చెప్పడు.
కొబ్బరిబోండం ఇస్తే రెండు చేతులా పట్టుకుని తాగాడు.
మంచి పిల్లాడే. వచ్చిన చిక్కల్లా అదే.

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవై.
ముందు చక్రాలు చూశాం. వెనక చక్రాలు చూశాం.
పొట్ట తలుపులు తెరిచి ఉన్నాయి,
లోపల ఇంకా ఏమీ ఎక్కించలేదు.
ఖాళీ కొక్కేలు, నూనె వాసన.
పీకా దాని కింద కూర్చుంది.

చెయ్యెత్తాను.
నలుగురు నిచ్చెనలతో వచ్చారు,
టార్చిలు, అద్దం కట్టిన కర్రలు.
గంటంపావు వెతికారు.
కుబుసం లేదు, గుడ్డు లేదు, దుమ్ములో జారిన గీత లేదు.
టకర్ పైనుంచి తల బయటపెట్టి
ఖాళీ చేతులు చూపించాడు.
పీకా లేవలేదు.
తాడు లాగాను. పేరు పెట్టి పిలిచాను.
పైకే చూస్తోంది, ఆ తెరిచిన నోట్లోకి.

కాగితం మీద మూడే గడులు:
దొరికింది. దొరకలేదు. కుక్క పొరపాటు.
మూడోదాంట్లో టిక్కు పెట్టాను.
ఇంటి లోను వాయిదా పదో తారీఖున.

పొరపాటు చేసిన కుక్కకి బిస్కెట్టు పెట్టకూడదని రూలు.
వ్యాను వెనక్కి తీసుకెళ్ళి
అటూ ఇటూ చూసి
రెండు పెట్టాను.