తీగ కింద

ముప్పై ఎనిమిదో ఏట పళ్ళు సరిచేయించుకున్నాను.
చిట్టీ ఎత్తిన డబ్బు, రెండేళ్ళ ఇనుము.
ఆఫీసులో అందరూ నవ్వారు,
నేనూ నవ్వాను, పెదవులు మూసుకునే.

ఇప్పుడు ఇనుము లేదు.
పై వరసకు రాత్రిళ్ళు గాజులాంటి తొడుగు,
కింది వరస వెనక
నాలుకకు మాత్రమే తెలిసిన సన్నటి తీగ.

"పళ్ళకి జ్ఞాపకం ఎక్కువమ్మా,
వదిలేస్తే పాత చోటికే పోతాయి" అంది డాక్టర్ నుస్రత్,
మెహిదీపట్నం ఫ్లైఓవర్‌కి ఆనుకున్న కిటికీ పక్కన.
చిగుళ్ళ సంగతీ చెప్పే ఉంటుంది.
అప్పుడు నేను అద్దంలో ఉన్నాను.

ఏప్రిల్‌లో ఒక పొద్దున
బేసిన్‌లో ఎర్రటి చార.
భయపడి ఆ మూల బ్రష్ పెట్టడం మానేశాను,
అప్పిచ్చినవాడి గల్లీ తప్పించుకు తిరిగినట్టు.
పగలంతా నేను చేసే ఉద్యోగమూ అదే,
వాయిదాలు ఎగ్గొట్టినవాళ్ళకి ఫోన్లు.
తొడుగు తీయడం మరిచిన రోజు
"సార్" కాస్తా "శార్" అయి
అవతల బాకీదారు పడీ పడీ నవ్వాడు.

తొడుగు మీద తెల్లటి పొర.
మా బోరు నీళ్ళు నల్లాకి పట్టించే ఉప్పే అనుకున్నాను.
గోటితో గీకితే మెత్తగా వచ్చింది.
ఉప్పు కాదు,
నేను తిని మరిచిపోయిన నిన్న.

"రక్తం వచ్చేచోటే మెల్లగా తోమాలి.
తీగ కిందికి దారం పోవాలి, రోజూ.
ఇదిగో, ఇక్కడ కాస్త వెనక్కి జరిగింది.
జరిగింది తిరిగి రాదు.
ఉన్నది నిలుపుకుందాం."

ఆ సాయంత్రం గుడిమల్కాపూర్ మార్కెట్‌లో
గోనెసంచి మీద చింతచిగురు కుప్ప.
"మొన్న దూసిన కొమ్మకే మళ్ల వచ్చింది బిడ్డా" అంది
తూకం వేస్తూ అంజమ్మ.
చెట్టుకీ నోటికీ ఒకే మాట పెట్టినవాళ్ళెవరో
ఈ తేడా చూసుకోలేదు.
పావుకిలో కొన్నాను.

రాత్రి బేసిన్ ముందు నోరు తెరిచి, మెడ వంచి,
తీగ కిందికి దారం.
ఒకసారి జారింది.
ఒకసారి నాలుక అడ్డం వచ్చింది.
తర్వాత దూరింది.
రక్తం నిన్నటికంటే తక్కువేమోనని
లైటు కిందికి వంగి చూశాను.
అంతే ఉంది.

చల్లనీళ్ళలో కడిగి తొడుగు పెట్టుకున్నాను.
మిగిలిన చిగురుపప్పు మీద మూత వేసి
"శరే" అన్నాను,
ఎవరూ లేని వంటింట్లో.