వంతు

రెండూ రెండూ కలిపితే నాలుగని
బళ్ళో పంతులమ్మ చెప్పింది గాని
ఇంజన్లకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

దల్కావె రేవులో వాన పట్టిన తొమ్మిదో రోజు
ఒతీలియా మిల్యాకురా ఎడ్లబండి మీద
మొగుడి పడవ ఇంజను తెచ్చి
మా షెడ్డు ముందు దింపింది.
రెండు సిలిండర్లది. ఉప్పు తిన్న నట్లు.
"దీంతో ముందు దీవి దాకా పోగలను.
పెద్ద ఆల్చిప్పలు వెనక దీవిలో ఉన్నాయి.
పెద్దది చేసిపెట్టండి" అంది.
కొత్తది కొనుక్కోమని దోన్ రోసెందో అనలేదు.
కొనగలిగిన వాళ్ళు మా గుమ్మం తొక్కరు.

అదే కంపెనీది, అదే ఏటిది ఇంకోటి
కొండ మీద కోతమిషన్లో మూలపడి ఉంది.
విప్పితే లోపలంతా రంపపు పొట్టు, దేవదారు వాసన.
ఒతీలియాది విప్పితే చేపనూనె కంపు.
రెంటినీ ఒకే కిరసనాయిల్లో కడిగాను.

సిలిండర్లు పాతవే. పిస్టన్లు, వాల్వులు పాతవే.
పిస్టన్లు తూచడానికి
ఆవిడ బజారు త్రాసే అడిగి తెచ్చుకున్నాం.
కోతమిషను పిస్టన్లు నలభై గ్రాములు బరువెక్కువ.
సముద్రం అంతమేరకు తినేసిందో,
కొండ మీద పోత మందంగా పోశారో!
బరువున్నవాటిని లోపలివైపు ఆకురాయితో అరగదీశాను.
తేలికైనదానికి ఏదీ అతికించలేం కదా,
దిగిరావాల్సింది ఎప్పుడూ బరువున్నదే.

పాతది పనికిరానిది ఒక్కటే, క్రాంకు షాఫ్టు.
రెండు పొట్టివాటిని అతికితే పొడుగుది కాదు,
మొదటి బరువుకే అతుకు దగ్గర విరుగుతుంది.
మునిగిన ఓడ చుక్కాని కడ్డీ ఒకటి దొరికితే
పదకొండు రోజులు లేతు మీద పెట్టి చెక్కాను.
చేతుల్లోంచి ఆ నీలి తరుగు వాసన
నిద్రలో కూడా పోలేదు.

క్యాము షాఫ్టులు మాత్రం అతకొచ్చన్నాడాయన.
అతికాను.
తిప్పాం.
ధడ్! ధడ్! ఆపైన పెద్ద ఖాళీ.
మళ్ళీ ధడ్! ధడ్!
షెడ్డు రేకుల మీది కోళ్ళు ఎగిరి వానలో పడ్డాయి.

దోన్ రోసెందోకి చెవుడు.
నలభై ఏళ్ళ ఇంజన్లు ఆ చెవుల్ని తినేశాయి.
చెక్క గరిటె ఒక కొన ఇంజనుకి ఆనించి
ఇంకో కొన పళ్ళ మధ్య కరిచిపట్టి
కళ్ళు మూసుకున్నాడు.
"నాలుగూ పేలుతున్నాయి, కానీ జంటలుగా.
వెనక రెండూ ఇంకా కొండ మీదే ఉన్నాయే పిల్లా,
ముందు రెండూ ఇంకా పడవలోనే.
పక్కనొకళ్ళు వచ్చారని ఎవరికీ తెలీదు."

తప్పు నాదే.
రెండు షాఫ్టుల్నీ ఒకే దిక్కుకు నిలబెట్టి అతికాను.
చూడ్డానికి అందంగా ఉంటాయని.
అతుకు కోసి
వెనకదాన్ని అర చుట్టు తిప్పి మళ్ళీ పెట్టాను.
కొత్త ఇనుము ఒక్క తులం కూడా వెయ్యలేదు.
అర చుట్టు. అంతే.

ఒకటి, రెండు, నాలుగు, మూడు.
ఒకటి, రెండు, నాలుగు, మూడు.
పంతులమ్మ వింటే బెత్తం తీసేది.
ఒకటి పేలేటప్పుడు మూడు ఊపిరి బిగబట్టే ఉంటాయి,
ఒకటి పీలుస్తూ, ఒకటి అదుముకుంటూ,
ఒకటి పొగ వదిలేస్తూ.
ఖాళీ లేదు ఎక్కడా.
గరిటె నోట్లోంచి తియ్యకుండానే నవ్వాడాయన,
చొంగ కారింది.

ఒతీలియా వచ్చి ముందు మూతల మీద చెయ్యి పెట్టింది.
"మావి ఈ రెండేగా?"
అవునన్నాను.
చెయ్యి తీసి వెనక రెంటి మీద పెట్టింది.
మళ్ళీ ముందు.
వేడి ఒకటే. వణుకు ఒకటే.
ఆవిడ ఏమనుకుందో నాకు తెలీదు.
త్రాసు ఎప్పుడిస్తారని అడిగింది.

మొన్న వెనక దీవి నుంచి వచ్చినప్పుడు
అరచెయ్యంత ఆల్చిప్పలు ఒక బుట్ట దించి వెళ్ళింది.
మిగిలిపోయిన పాత క్రాంకు షాఫ్టు ఒకటి
తాడు కట్టి పడవకు లంగరుగా వాడుతోంది.
రెండోది మా గుమ్మం పక్కనే ఉంది.
వంకర మెలికలో వాననీళ్ళు నిలిస్తే
కోళ్ళు వచ్చి తాగిపోతాయి.