మూడో వారం

శనివారం రాత్రి పదకొండు దాటాక
డెల్మర్ హ్రుస్కా ఇంటి కింది గదిలో
నేను స్కోర్లు ఎక్కిస్తాను.
ఆయన చదువుతాడు, నేను కొడతాను.
పడమటి తీరం ఆటలు ఇంకా అవుతూనే ఉంటాయి
మూల రేడియోలో, నూతి అడుగు నుంచి వస్తున్నట్టు.

పైన నెబ్రాస్కా గాలి, ఎండుతున్న మొక్కజొన్న వాసన.
కింద ఒక ముసలి కంప్యూటరు,
అంచున చిల్లులున్న కాగితం మింగే ప్రింటరు.
ముప్పయ్యొక్క ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసి
ఆయన దాచుకున్నది ఈ ప్రోగ్రామొక్కటే.
దానికి పేరైనా పెట్టలేదు. "అది" అంటాడు.

టీవీలో ఒకే క్యాచ్‌ని పదకొండోసారి తిప్పుతున్నారు:
గీత మీద బొటనవేళ్లు, ఒంటి చేతిలో బంతి,
వెనక ఎర్రచొక్కాల హోరు.
నేను చూసింది వేరు.
డెబ్బై ఆరో నంబరు, లెయవాసా అనే బండలాంటి కుర్రాడు,
కిందపడి, మోకాళ్ల మీద లేచి, మళ్లీ అడ్డం పడ్డాడు.
విసిరేవాడికి ఊపిరి దొరికింది అక్కడ.
కెమెరా అప్పటికే బంతి వెంట పోయింది.
"అది"కి క్యాచ్ తెలీదు, లెయవాసా కూడా తెలీదు.
ఇరవై నాలుగు, ఇరవై మూడు. అంతే కొట్టాను.

మిగతా జాబితాలు ఆగస్టులోనే వండేస్తారు.
పోయినేటి గెలుపులు, కోచ్ జీతం, స్టేడియం ఎత్తు.
పేరు గొప్ప, ఆట ఇంకా మొదలే కాలేదు.
డెల్మర్ ఒప్పుకోడు:
"పాత ఖాతా తేవద్దు. అందరికీ గుండు సున్నా."
అందుకే సెప్టెంబరులో మా జాబితాకి నవ్వొస్తుంది.
ఎవరితో ఎవరు ఆడారని ఇంకా?
ఇక్కడ నాలుగు జట్లు, అక్కడ ఏడు,
వరద తీయని పొలంలో దిబ్బల్లా,
మధ్యన దారి లేదు.

ఆదివారం పొద్దున ప్రింటరు కీచుమంటూ కక్కింది:
ఒకటి, కాటన్‌వుడ్ ఫోర్క్.
సగం బెంచీలు ఎప్పుడూ ఖాళీగా ఉండే కాలేజీ.
మూడాడి మూడు గెలిచింది.
వీళ్ల చేతిలో ఓడినవాడు ఇంకొకణ్ణి ఓడించాడు,
ఆ ఇంకొకడు ఎవరో పెద్దవాణ్ణి.
ఆ గొలుసు పట్టుకుని పైకి పాకారు.

ధాన్యం కోఆపరేటివ్ గోడకి కాగితం గుచ్చుతుంటే
కాఫీ కప్పుల వెనక నుంచి ఆర్లో టీట్‌జెన్ అరిచాడు:
"మీ మిషను తాగిందా, డెల్మర్?"
అందరూ నవ్వారు.
నన్ను చూసి, ఆపారు.

ఆ ఆపడం ఉందే, నవ్వు కన్నా పొడుగు.
లింకన్‌లోని ఆ కేంద్రం నుంచి ఏప్రిల్లో వచ్చాను.
నా ర్యాంకు ఎవరూ అచ్చు వెయ్యలేదు,
ఊరందరికీ నోటికొచ్చు.
బడి బస్సు, కల్వర్టు, తెల్లారి ఆరూ ఇరవై.
ఖాళీ బస్సు.
ఖాళీ అన్న మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు.
డెల్మర్ ఒకటే అడిగాడు అప్పుడు:
"అంకెలు తప్పు లేకుండా కొట్టగలవా, రనెల్?"

పిన్ను బొటనవేలితో నొక్కి, ఆయన ఆర్లో వైపు తిరిగాడు.
"దానికి తెలిసింది మూడు ఆటలే.
మూడు ఆటలంత మాటే చెప్పింది.
నువ్వెన్ని చూసి చెబుతున్నావ్?"
ఆర్లో కాఫీలో చక్కెర కలిపాడు,
అప్పటికే కలిపిన కాఫీలో.

మళ్లీ శనివారం.
కాటన్‌వుడ్ ఫోర్క్ మూడు, అవతలివాళ్లు నలభై ఐదు.
నలభై ఐదు చప్పున కొట్టాను.
ఆ మూడు దగ్గర వేలు బరువెక్కింది.
చలికి వణికే ఏ పిల్లాడో తన్నుంటాడు దాన్ని,
అప్పటికే అందరూ కార్లెక్కుతుంటే.

"అరవై కిందికి జారతారు," అన్నాడు డెల్మర్, కళ్లజోడు తుడుస్తూ.
"పోన్లే. ఇంకా ఎనిమిది ఆటలున్నాయి."

పోయిన వారం కాగితం తిరగేసి
వెనక లెక్క గీయబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను.
అంచు చిల్లులు జాగ్రత్తగా చించి,
నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాను.
ఆయనేమీ అడగలేదు.
రేడియోలో పడమటి తీరం ఇంకా ఆడుతోంది.
"తర్వాతది చదవండి," అన్నాను.