గుల్ల

డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకెత్తి
"ఎముకలు గుల్లబారాయి సువార్తమ్మా" అంది.
నాకు నవ్వొచ్చింది.
మా నరసాపురం ఏటివార
గుల్ల అంటే సున్నం బట్టీకి వెళ్ళేది,
కాలి తెల్లబడి గోడకెక్కేది.

ఆ ఫిల్ములో నా తుంటి
నలభై ఏళ్ళు క్రోషా సూదితో అల్లిన లేసులాగే ఉంది.
చిల్లు, దారం, చిల్లు, దారం.
ఏజెంటు పీసు లెక్కన డబ్బులిచ్చినన్నాళ్ళూ
చిల్లే కదా అందం అనుకున్నాను.
ఇప్పుడు దారం గురించి ఆలోచిస్తున్నాను.

మూతబడిన రొయ్యపిల్లల హేచరీలో
సిమెంటు తొట్టి ఒకటి మిగిలింది.
రొమ్ములోతు నీళ్ళు, గోడలకి గీకినా పోని నాచు.
మంగళ, గురు, శనివారాలు తెల్లారకముందే
పదకొండుమందిమి దిగుతాం
మొగుళ్ళ పాత చొక్కాల్లో.
హలీమా తలమీది చున్నీ తియ్యదు,
విజయమణిగారు గాజులు తియ్యరు.

నేర్పే పిల్ల జెసింత,
మా చిన్నదానికన్నా చిన్నది.
"నీళ్ళని తోస్తూ నడవండాంటీ" అంటుంది.
నీళ్ళు దారివ్వవు.
గట్టుమీద తిట్లు తిట్టే మోకాలు
ఇక్కడ నోరు మూసుకుంటుంది గానీ
అడుగడుక్కీ ఎవరో పైట పట్టి లాగినట్టుంటుంది.
పల్లాలమ్మ లెక్కపెడుతుంది,
కళ్ళాల్లో ధాన్యం కొలిచిన నోరు:
లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు,
ఆరున్నొకటి.
ఏడు అనదు.
చచ్చినా అనదు.

తర్వాత డబ్బాలు.
మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా తలా ఒకటి.
"కిందికి అదమండి, మెల్లగా వదలండి."
ఖాళీదేగా అని మొదటిరోజు చులకనగా పట్టుకున్నాను.
ఎగదన్నింది.
పొట్ట బిగించి, పళ్ళు బిగించి,
రెండు చేతులా అదిమినా
మునగనంది.

ముప్పైనాలుగేళ్ళకే నా గర్భసంచి తీసేశారు.
కడుపునొప్పని వెళితే
"పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది" అన్నారు.
అప్పట్నుంచీ అందరూ
లోపలేమీ లేనిదానితో మాట్లాడినట్టే మాట్లాడారు.
నేనూ నమ్మాను.
నెలనెలా వచ్చే పోటు పోయి
ఆ పేరుతోనే మోకాళ్ళలోకి ఇంకోటి దిగింది.
వశిష్ఠకి మాత్రం
రోజుకి రెండేసి సార్లు పోటూ పాటూ తప్పలేదు.
రాత్రుళ్ళు వీపున ఆవిర్లు కమ్మితే
ఉత్త గచ్చుమీద పడుకుని
ఆ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఊహించుకునేదాన్ని.

ఖాళీ డబ్బా బరువెంతో
ముంచాలని చూసినవాళ్ళనడగాలి.

విజయమణిగారికీ ఆవిర్లేనట.
వాళ్ళ చెరువుగట్టున మా అమ్మ బిందెతో
ఎవరైనా వచ్చి పోసేదాకా నిలబడేది.
ఆవిడకి గుర్తుందో లేదో,
నేను ఎత్తలేదు.
ఇద్దరం ఒకే తొట్టిలో మెడల్దాకా ఉన్నాం.
ఆవిడ డబ్బా జారి తేలిపోతుంటే
పట్టుకుని ఇచ్చాను.

పైకి వస్తుంటే
నీళ్ళు మోసిన బరువంతా మళ్ళీ ఒంటికెక్కుతుంది,
తడి చొక్కాతో సహా.
నాలుగే మెట్లు.
మొన్నటిదాకా గోడ పట్టుకునేదాన్ని.
ఇవాళ మూడింటికి పట్టుకోలేదు.
ఆఖరిదానికి పట్టుకున్నాను.

వచ్చేనెల కాలవలు కట్టేస్తారు,
తొట్టికి నీళ్ళుండవు.
"అప్పుడెలాగ?" అంది హలీమా చున్నీ కొస పిండుతూ.
"ఏట్లోకి పోదాం" అంది పల్లాలమ్మ,
"పాటువేళ చూసుకుని."
జెసింత వద్దు వద్దంటోంది.
మేం వేళ్ళమీద తిథులు లెక్కేస్తున్నాం,
చాన్నాళ్ళకి.