జీడి మరక

పలాస జీడి బట్టీ పొగలో
పద్దెనిమిదో రోజా.
నాలుక ఎండింది. అదేం పెద్ద కష్టం కాదు.

వేళ్ళ చివర్లు జీడి చమురు తిని నల్లబడ్డాయి.
వజూలో ఎన్ని నీళ్ళు పోసినా
మరక కదలదు.
ఈ చేతుల్నే దువాకి ఎత్తుతాను.

మొదటి పది రోజులూ రహ్మత్ అడిగాను.
ఇవి మగ్ఫిరత్ రోజులు.
అడగబోతే గొంతులో ఢిల్లెమ్మ అడ్డుపడుతోంది.

మొన్న తూకం దగ్గర
ఆమె గుండు పప్పుని బద్దల కింద రాశాడు మేస్త్రీ.
చూశాను.
చూసి, నా తట్ట నేనెత్తుకున్నాను.

నా బాకీ నేను మాఫీ చేస్తాను,
ఆమె బాకీ ఆమెనే అడుగు
అన్నట్టు సజ్దాలో నుదుటికి గుచ్చుకుంటోంది చాప.

అజాన్‌కి ఇంకా కాస్త పొద్దుండగా
కాశీబుగ్గ గేటు దాటి వాళ్ళ వీధికి వెళ్ళాను.
చెప్పాను. సగమే చెప్పగలిగాను.

చాలాసేపు చేట పక్కన పెట్టలేదు ఆమె.
"నువ్వు సూడ్డం నానూ సూసినాన్లే" అంది.
తర్వాత సీసా వంచి
నా అరచేతుల్లో కొబ్బరినూనె పోసింది.
"రాసుకో. పొద్దు గూకిపోతంది, ఎల్లు."

క్షమించిందో లేదో తెలీదు.
ఇంటికొచ్చి పట్టుకుంటే
ఖర్జూరం రెండుసార్లు జారింది.