రెండు తట్లు

రైలు చివరి పెట్టెలో నిలబడే ఉద్యోగం నాది.
డ్రైవరు రాబోయేది చూస్తాడు,
నేను అయిపోయింది చూస్తాను.
బీచ్ నుంచి తాంబరం, తాంబరం నుంచి బీచ్,
పందొమ్మిదేళ్లుగా.

గంట రెండుసార్లు కొడితే బండి కదలాలి,
ఒక్కసారి కొడితే ఆగాలి.
మా లోకల్ బళ్ల భాష ఇంతే.

మా పెంచలదీప్తి నేర్చుకున్న భాషలో
రెండుసార్లు తడితే
ఓడిపోయినట్టు.

పెరంబూరులో కార్పొరేషన్ బడి మేడ మీద
నీలం రెగ్జిను చాపలు,
వాటి కింద లారీ టైర్ల ముక్కలు.
దేవసహాయం మాస్టారు మూడు నెలలపాటు
పడటమే నేర్పించాడు.
వెనక్కి పడటం, పక్కకి పడటం,
గడ్డం ఎదకి ఆనించి, అరచేత్తో నేలను చరిచి
దెబ్బను నేలకే తిరిగిచ్చెయ్యడం.
"ఫీజు కట్టింది పడటానికా సార్?" అన్నాను.
ఆయన అరవంలో నవ్వాడు.

తొమ్మిదేళ్ల పిల్ల ఇంటికొచ్చి
వంటింటి గచ్చు మీద దబ్బున పడి చూపించేది.
కింది వాటావాళ్లు చీపురుకర్రతో
కప్పు పొడిచేవాళ్లు.
వాళ్లమ్మ ఆ తెల్లకోటు మెడపట్టీ కుట్టబోయి
మూడు సూదులు విరగ్గొట్టుకుంది.
"ఇది బట్టా, ఎద్దు తోలా!"

పెనవేసుకున్న శిల గనక పెంచల
అని చెప్పేవాడు మా నాయన, కోనకి మొక్కుకుని
ఆ పేరు పెట్టించినప్పుడు.
నిజమో కాదో ఆ స్వామికే తెలియాలి.
చాప మీద నాలుగు పిడికిళ్లు రెండు కోట్లను పట్టుకుని
ఏ కాలు ఎవరిదో తెలియకుండా పోయినప్పుడు మాత్రం
నిజమే అనిపించేది.

పదిహేడో ఏట తిరుచ్చి. ఫైనల్.
సేలం పిల్ల దీని మోచేతిని
తొడల మధ్య ఇరికించి వెనక్కి వాలింది.
తట్టు తల్లీ, అంటున్నాను గ్యాలరీలో,
నోట్లోంచి మాట రావడం లేదు.
తట్టలేదు.
తట్టలేదు.
తట్టింది.

రాత్రి బస్సులో ఎడమచేత్తో ఇడ్లీ తిన్నది.
విళుప్పురం దాటాక అడిగింది,
"నాన్నా, ఆ చప్పుడు నీకు వినిపించిందా?"
లేదన్నాను.

తర్వాత కాలేజీకి నా బండిలోనే.
పరంగిమలైలో ఆదివారాలు
జుట్టు కత్తిరించుకున్న ఆడపిల్లలు ఎక్కేవాళ్లు,
ఒకే రంగు కోట్లలో,
సీట్లు ఖాళీగా ఉన్నా నిటారుగా నిలబడి.
కొండ పక్క అకాడమీ క్యాడెట్లు.
"వీళ్లు ఎట్లా పడతారో చూడాలి నాన్నా" అన్నది.
నాకు తెలిసిపోయింది.

బెంగళూరు బోర్డు మొదటిసారి
ఆ సాయంత్రమే పంపేసింది.
రెండోసారి ఐదో రోజున.
తెల్లారకట్ట మెయిల్లో దిగిన పిల్ల సంచీ అందుకుంటూ
ముఖం చూడకుండా నడిచాను.
ఇంటికొచ్చి చద్దన్నం రెండు గిన్నెలు తిన్నది,
పడుకుంది, లేచింది,
మేడ మీది చాపల దగ్గరికి పోయింది.

మూడోసారి ఆఫీసరు అడిగాడట:
"ఎప్పుడైనా ఓటమి ఒప్పుకున్నావా?"
"తిరుచ్చిలో సార్. తట్టాను."
"ఎందుకు?"
"ఈ చేత్తో ఇంకా పనుంది సార్."

మిలిటరీ డాక్టరు ఆ చేతినే
ముడిచి, చాపి, ముడిచి,
చాలాసేపు చూశాడట.

చేరే రోజున నాకు సెలవు దొరకలేదు.
నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్లరంగుతో మా ఇంటిపేరు,
వాళ్లమ్మ చేతిరాత వంకరగా.
గుమ్మంలో నన్ను వాటేసుకుని
వీపు మీద రెండుసార్లు తట్టింది.
ఓడానన్నదో,
కదలమన్నదో.

మధ్యాహ్నం బండి పరంగిమలైలో ఆగింది.
ప్లాట్‌ఫారం నుంచి కొండ కనిపిస్తుంది,
గేటు కనిపించదు.
దిగేవాళ్లు దిగారు. సిగ్నలు పచ్చగా ఉంది.
గంట ఒకసారి కొట్టాను.
చెయ్యి అక్కడే ఉండిపోయింది.

కొట్టాను, రెండోది కూడా.

కొండ వెనక్కి వెళ్లడం మొదలుపెట్టింది.
నా పుస్తకంలో ఇరవై సెకన్లు ఆలస్యం అని రాసి
కారణం గడిలో
ప్రయాణికుల రద్దీ అని రాశాను.
ఆ పూట బండిలో
పట్టుమని పదిమంది లేరు.