జోకుడు

బియ్యం లారీ వచ్చిన దినం
స్టోర్‌రూం తాళం మెస్ కమిటీ చేతికొస్తది.
బస్తాలు జోకుడు అయినంక
జంగయ్య సారు చాయ్‌కి బయటికి పోతడు.
గప్పుడు మేమెక్కుతం కాంటా మీదికి,
చెప్పులు ఇడిసి, చున్నీలు తీసి,
చేతి గడియారం గూడ పక్కన పెట్టి.

జూన్‌ల మక్తల్ బస్సు దిగినప్పుడు
నేను నలభైతొమ్మిది.
ఇయ్యాల నలభైనాలుగు.
"నీకేందే, అదృష్టం" అన్నరు.
గంటెకు అంటుకొని పళ్లెంల పడనన్న ఉప్మాను
ఎన్ని పొద్దుల్ల ఇడిసిపెట్టి క్లాసుకు ఉరికిన్నో
ఆ అదృష్టానికే ఎరుక.

కేతావత్ సునీల వచ్చిననాడు యాభైఆరు,
ఇప్పుడు అరవైఎనిమిది.
తండా నుంచి బడికి మూడు మైళ్లు నడిచిన పిల్ల,
జొన్నగటక మీద పెరిగిన పిల్ల.
మెట్టుగడ్డ కాడ నూడుల్స్ బండోడు
ఆమె దూరంనుంచి కనవడంగనే గుడ్డు కొడతడు.
ఇల్లు యాదికొచ్చిన దినం రెండు ప్లేట్లు.
ఇల్లు దినాం యాదికొస్తది.

నసీమా అంకె చెప్పదు.
అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకొని దిగుతది.
ఫోన్‌ల ఎవరో చెప్పిన్రట, రాత్రి అన్నం ఇషమని.
కీరదోస ముక్కలు లెక్కవెట్టుకొని తింటది.
మొన్న కెమిస్ట్రీ ల్యాబ్‌ల
చేతిల పరీక్షనాళికతోనే కూలవడ్డది.
కుర్మమ్మ పొయ్యి కాడ గంటె ఇడిసి ఉరికొచ్చి
ఆమె మణికట్టు వట్టుకొని చూసింది.
కాంటా చదువరాదు కుర్మమ్మకు.
"చాటల పొట్టు లెక్క ఉన్నది పిల్ల" అన్నది.
ఆ రాత్రి అడుగంటిన అన్నం గోకి
పచ్చిపులుసు పోసి, నసీమా ముందల కూసొని
ముద్ద ముద్దకు తిట్టింది.
ఐదు ముద్దలు. నేను లెక్కవెట్టిన.

ఇగ బస్తా సంగతి.
మీద అచ్చు: యాభై కిలోలు.
కాంటా మీద నలభైఆరు.
సారు రిజిస్టర్‌ల యాభై రాసిండు.
"తొవ్వల ఎండకు తరుగుతది బిడ్డా" అన్నడు.
నేను బస్తా దిక్కు చూసిన.
నాకు గూడ తొవ్వలనే తరిగిందా?

ఈ నెల పెన్ను నేనే గుంజుకున్న.
పద్దెనిమిది బస్తాలు,
ఏది ఎంతుంటే అంత రాసిన.
సునీల పైకి చదివింది,
నసీమా సంతకం పెట్టింది.
సారు చాయ్‌కి పోలే.

పొద్దుగూకినంక అమ్మ ఫోన్.
"తింటున్నవా బిడ్డా? బరువెంతున్నవ్?"

"యాభై" అన్న.